‘పర్లేదు’ విలువ 1.00

పంపకం 41, 3వ రోజు

లేఖకుల నియమావళి, తొమ్మిదో నియమం: ప్రతి స్థితి లేఖకుడూ దినచర్య రాయవలెను. అందులో వాస్తవాలు మాత్రమే ఉండవలెను. భావోద్వేగాలు రాయరాదు.

కాబట్టి వాస్తవాలు. నా పేరు సూరాడ ఎల్లాజీ. అర్థశాస్త్రంలో ఎం.ఏ., ద్వితీయ శ్రేణి. తెప్పలపేటలో పుట్టి, రాజధానిలో చదువుకుని, మళ్ళీ తెప్పలపేటకే ఉద్యోగిగా దిగినవాణ్ణి. పొద్దున్నే లేచి, అలలకు వదులైన తాళ్ళు బిగించాను. బిగించకపోతే మా ఇల్లు తేలుకుంటూ పోయి పక్కవాళ్ళ వంటగదికి ఆనుకుంటుంది. కిందటి వానాకాలంలో అలాగే ఆనుకుంది. వాళ్ళు అన్నం పెట్టారు. తర్వాత కరెంటు ఇచ్చే ఎండపలక మీద పేరుకున్న ఉప్పు కడిగాను. నీళ్ళ పడవ రాలేదు. చెవిపెట్టె భుజాన తగిలించుకుని డ్యూటీకి బయల్దేరాను.

చెవిపెట్టే నా ఉద్యోగం. ఇంటింటికీ వెళ్ళి ఐదు ప్రశ్నలు అడగాలి. నడవగలుగుతున్నారా? సొంత పనులు చేసుకోగలుగుతున్నారా? రోజూ చేసే పని సాగుతోందా? నొప్పి ఉందా? దిగులుగా ఉందా? పెట్టె జవాబు విని, ఆ మాటకు విలువ కట్టి, రాజధానిలో ఉన్న సమన్యాయ గణన వ్యవస్థకు పంపుతుంది. అంత పొడుగు పేరు పలికే ఓపిక లేక జనం దాన్ని కాటా అంటారు. ఒకటి అంటే నిండు ఆరోగ్యం. సున్నా అంటే శవం. మిగతా మనమంతా ఆ మధ్యలో ఉంటాం.

సమాఖ్య మొత్తానికి పదిహేను రోజులకోసారి తొమ్మిది వేల మోతాదుల ఇసుకజ్వరం మందు వస్తుంది. మనుషులు నలభై లక్షలు. ఏ ఊళ్ళో వేస్తే ఒక్కో మోతాదుకు ఎక్కువ ఆరోగ్యం మిగులుతుందో లెక్క చూసి కాటా పంచుతుంది. దాన్నే పంపకం అంటాం. సిఫారసు ఉత్తరాలు చెల్లవు. మంత్రిగారి బావమరిది అయినా తూకానికి నిలబడాల్సిందే. నేను ఎం.ఏ. చదివింది ఈ పద్ధతి మీద ప్రేమతోనే. (ప్రేమ భావోద్వేగం కాదు, విద్యార్హత.)

మొదటి ఇల్లు పోలమ్మ పిన్నిది. తడి నాచు బుట్ట దించుతోంది. ఒళ్ళు కాలిపోతోందని రెండు అడుగుల దూరం నుంచే తెలుస్తోంది. ఇసుకజ్వరం అంటే అంతే. ముందు ఒళ్ళు కాలుతుంది, తర్వాత ఊపిరి తీస్తుంటే రొమ్ములో ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది, ఆ తర్వాత ఆ గరగర ఆగిపోతుంది.

"పిన్నీ, నొప్పి ఉందా?"

"పర్లేదు బాబూ. నువ్వేటి తిన్నావు?"

"నొప్పి లేదు. నమోదైనది. ధన్యవాదములు," అంది పెట్టె.

"ఇదేటంటంది?" అంది పిన్ని, గట్టు పట్టుకుని కూర్చుంటూ.

"నీకు నిండు ఆరోగ్యం అంటోంది పిన్నీ."

"మంచి మాటే అంది పాపం. దానికీ కొంచెం గంజి పోయనా?"

పంపకం 41, 5వ రోజు

నీళ్ళ పడవ వచ్చింది. నీళ్ళు సగమే. మందు లేదు. మందుకు బదులు గాజు చట్రంలో బిగించిన ప్రశంసాపత్రం వచ్చింది.

‘తెప్పలపేట. జనాభా 2,140. ఇసుకజ్వరం కేసులు 312. ఆరోగ్య నష్టం: లేదు. మీ పేటలో వ్యాపించినది తేలికపాటి రకమని నిర్ధారించడమైనది. మోతాదులు: 0. ఆదర్శప్రాయమైన సహనానికి అభినందనలు.’

దీన్ని మా నర్సు మైలపల్లి నూకరత్నానికి అందజేసే భాగ్యం నాకే దక్కింది. ఆమె నాకు వరసకు అప్ప, అంటే అక్క. పేట మొత్తానికి ఒక్కతే నర్సు. ఆమె ఆసుపత్రి అంటే ఒక తెప్ప, ఆరు మంచాలు, ఒక స్టవ్వు. ఊపిరి కొలిచే మీటరు ఉండేది, అది పాడై ఎనిమిది నెలలైంది. ఈ రోజు ఆరు మంచాల మీద పదిమంది ఉన్నారు.

అప్ప పత్రం చదివింది. మళ్ళీ చదివింది.

"పదకొండు మంది పోయారు కదరా. వాళ్ళు ఏ లెక్కలోకెళ్ళారు?"

"అసంబద్ధ మరణాల్లోకి అప్పా. పోయే ముందురోజు వాళ్ళ స్థితి ఒకటి. నిండు ఆరోగ్యంతో ఉన్నవాళ్ళు జ్వరంతో ఎలా పోతారు? కాబట్టి ఇంకెలాగో పోయారని."

"ఇంకెలాగో అంటే? సిగ్గుతోనా?"

ఆమె పత్రాన్ని చట్రంలోంచి లాగి స్టవ్వులో పెట్టింది, సూదులు మరిగించడానికి పనికొస్తుందేమోనని. పడవలోనే నీళ్ళు దిగి తడిసింది. అంటుకోలేదు.

పంపకం 41, 6వ రోజు

తెప్పలపేట చరిత్రలో మొట్టమొదటి మూలుగు శిక్షణా శిబిరం ఈ రోజు నాచు ఆరబెట్టే గట్టు మీద జరిగినది. అధ్యక్షత: నేను. హాజరు: నలభై మంది. ఆశయం: బాధగా ఉన్నవాళ్ళు బాధగా ఉందని చెప్పుట.

మొదట దానయ్య తాతను పిలిచాను. వారం నుంచి జ్వరం. ఊపిరి పీలిస్తే ఇసుక జల్లెడ పట్టినట్టుంది.

"ఊరందరి ముందరా మూలగమంటావేట్రా? నలభై ఏళ్ళు కాపరం సేసినాను, నా ఆడదాని ముందరే మూలగలేదు."

వెనక నుంచి ఆయన భార్య అందుకుంది. "మూలిగితే ఇనీదాన్ని. ఏనాడైనా అడగనిచ్చినాడేటి?"

అందరూ నవ్వారు. సగం మందికి నవ్వితే దగ్గొచ్చింది. తాత గొంతు సవరించుకుని, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా తల దించుకుని, "బాలేదు," అన్నాడు. నేను చప్పట్లు కొట్టబోయాను. ఆయనకు నా మొహం చూసి జాలేసింది కాబోలు, "అంటే... మరీ అంత కాదులే. పర్లేదు," అని చేర్చాడు.

పెట్టెకు చివరి మాటే లెక్క. "నిండు ఆరోగ్యం. నమోదైనది."

పోలమ్మ పిన్ని లేచింది. "ఉండండర్రా, నానంటాను." రెండు చేతులూ పైకెత్తి, గట్టు అదిరేలా అరిచింది. "సచ్చిపోతన్నాను బాబోయ్! రొమ్ములో ఇసక బస్తా పెట్టీసినారు బాబోయ్!"

నటన కాదు. అరిచాక నిలబడలేకపోయింది. ఇద్దరు పట్టుకున్నారు.

పెట్టె కాసేపు ఆలోచించింది. "అలంకారం గుర్తించబడినది. ఆకలి, ఎండ లేదా అత్తగారు కారణం కావచ్చును. అతిశయోక్తి హెచ్చరిక: ఒకటి. మూడు హెచ్చరికలు దాటిన పేటల మాటలు పదిహేను రోజుల పాటు నమోదు కావు."

అంటే మా పరిస్థితి ఇది. పర్లేదంటే రోగం లేదు. చచ్చిపోతున్నానంటే కవిత్వం. ఈ రెంటికీ మధ్య మా వాళ్ళ దగ్గర ఇంకో మాట లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు.

శిబిరం ముగిసినది. వందన సమర్పణ లేదు.

పంపకం 41, 8వ రోజు

మరో ముగ్గురు పోయారు. మొత్తం పద్నాలుగు.

రాజధానిలో గణనాధికారిణి వేదవల్లి మేడమ్‌తో తెర మీద మాట్లాడాను. నాకు పాఠం చెప్పినావిడే. నెల రోజులుగా నిద్ర లేని మొహం. తల దువ్వుకోవడం కూడా తక్కువ ప్రాధాన్యమున్న పనుల జాబితాలోకి వెళ్ళినట్టుంది.

"మీ దగ్గరిది తేలికపాటి రకం ఎల్లాజీ. కాటా అలాగే చూపిస్తోంది."

"తేలికపాటి రకానికి పద్నాలుగు మంది ఎలా పోయారు మేడమ్?"

"పోయే ముందురోజు వాళ్ళ స్థితి ఒకటి."

"పోయే ముందురోజు వాళ్ళు పర్లేదు అన్నారు."

"అదే కదా."

"అది కాదు మేడమ్!"

ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. "సవరణకు దారి ఉంది. ఒక మాట విలువ తప్పని ముప్పై రుజువులు చూపాలి. ముప్పై అసంబద్ధ మరణాలు నిండితే ఆ మాటను మళ్ళీ తూస్తారు. అంతకన్నా తక్కువైతే యాదృచ్ఛికం."

"అంటే ఇంకా పదహారు మంది పోవాలి."

"నేను అలా అనలేదు."

"ఎలా అన్నా అంతే మేడమ్."

అప్పుడు ఆవిడకు కోపం వచ్చింది. నాకు నచ్చింది. ఇద్దరిలో ఒకరికైనా కోపం నిషిద్ధం కాదు కదా.

"కాటా లేనప్పుడు మందు ఎలా పంచేవారో తెలుసా నీకు? కిందటి జ్వరానికి ఓ పెద్దమనిషి కోళ్ళఫారంలో పనివాళ్ళకు రెండేసి మోతాదులు వేశారు. మీ పేటకు ఒక్కటి రాలేదు. కనీసం ప్రశంసాపత్రం కూడా రాలేదు. తొమ్మిది వేలు ఇచ్చి నలభై లక్షల మందికి పంచమంటే, ఎవరికి వెయ్యకూడదో కూడా నేనే చెప్పాలి. లెక్క లేకుండా ఎలా చెప్పను? కళ్ళు మూసుకుని చెప్పనా?"

"మందు తయారుచేసే దేశాల్లో ఎలా పంచుతారు మేడమ్? అక్కడ కాటా ఎంత పెద్దది?"

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "అక్కడ కాటా లేదు. అందరికీ సరిపడా ఉంది. మిగిలింది కూడా ఫ్రిజ్‌లో దాచుకున్నారు."

"ఆ ఫ్రిజ్‌లో మిగిలింది మన లెక్కలో ఏ వరసలో వస్తుంది?"

"ఏ వరసలోనూ రాదు. తొమ్మిది వేలు అనేది నాకు ఇచ్చిన అంకె ఎల్లాజీ. అక్కణ్ణుంచే నా లెక్క మొదలవుతుంది."

నా చదువంతా ఆ అంకె తర్వాత మొదలయ్యే లెక్క గురించే. దానికి ముందున్న లెక్క గురించి ఒక్క పాఠం కూడా లేదు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే పరీక్షలో కూడా ఎవరూ అడగలేదు.

తెర ఆర్పేముందు ఒక్కటి అడిగాను. పర్లేదు అన్న మాటకు 1.00 అని విలువ కట్టిన మహానుభావుడెవరు? అతని పేరు, ఊరు, వీలైతే ఇంటి దారి కావాలని.

"పాత కాగితాల్లో వెతికిస్తాను," అంది.

పంపకం 41, 9వ రోజు

కాగితం వచ్చింది.

‘స్థితి పదకోశం: తెలుగు.’ నాలుగు వందల పదకొండు మాటలు, పక్కనే విలువలు, చేతిరాతలో. యాభై ఏడో వరస: పర్లేదు, 1.00. యాభై ఎనిమిదో వరస: చచ్చిపోతున్నాను, అలంకారం, పట్టించుకోనక్కర్లేదు. పేజీ మూల పసుపచ్చటి మరక. అడుగున పొట్టి సంతకం: సూ. ఎ.

మరకను ముందు గుర్తుపట్టాను. అది చేపల పులుసు.

నాలుగేళ్ళ కిందట, ఎం.ఏ. మొదటి సంవత్సరం. విదేశం నుంచి వచ్చిన ప్రశ్నల పట్టికకు తెలుగు మాటలు సర్ది విలువలు కట్టాలని మాకు తలా ఒక కట్ట ఇచ్చారు. మధ్యాహ్నం లోపు అయిపోవాలన్నారు. ఆ రోజు హాస్టల్లో చేపల పులుసు, ఆలస్యమైతే తోకలే మిగులుతాయి. పరీక్ష ఎలా రాశావురా అంటే మేం పర్లేదు అనేవాళ్ళం. అంటే పాసైనట్టు. కాబట్టి ఒకటి. మా గదిలో ఒకడు అన్నం గంట కొట్టే ముందు రోజూ చచ్చిపోతున్నాననేవాడు. కాబట్టి అలంకారం. చకచకా రాసి పారేశాను. చాలా తెలివైనవాణ్ణని కూడా అనుకున్నాను. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట. మా అమ్మ వేలు తెగి గుడ్డ చుట్టుకుంటూ అన్న మాట, మా పెదనాన్న ఆఖరి రోజు అన్న మాట. నేను మాత్రం దాన్ని హాస్టల్ భాషలో రాశాను.

అప్పకు చూపించాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. చూసి నవ్వడం మొదలెట్టింది. నవ్వుతూ గోడకు ఆనుకుంది.

"పులుసు బాగుందేట్రా మరి?"

"పర్లేదప్పా."

మళ్ళీ నవ్వింది. ఈసారి నవ్వు చివర ఓ గరగర వినబడింది.

ఇద్దరం విన్నాం.

పంపకం 41, 11వ రోజు

నిన్న దానయ్య తాత పోయాడు. చివరి స్థితి 1.00. అసంబద్ధ మరణం నంబరు పదిహేను. ఆయన భార్య నన్ను చూసి, "నీకోసరం ఒకపాలి బాలేదన్నాడు బాబూ. నాకైతే అదీ అన్లేదు," అంది. తిట్టినట్టు అనలేదు. అందుకే ఇంకా మోగుతోంది.

అప్పకు జ్వరం. పడుకోమంటే పడుకోదు. మంచాలు ఖాళీ లేవు, నర్సుకు మంచం ఎవరిస్తారంటుంది. స్టూలు మీద కూర్చునే పని చేస్తోంది. రోగి మంచం పక్కకు వెళ్ళి, "ఒకటి నుంచి లెక్కెట్టు, ఊపిరి మళ్ళీ తియ్యకుండా," అంటుంది. రోగి లెక్కపెడతాడు. ఎక్కడ ఆగితే ఆ అంకెను బౌండు పుస్తకంలో రాస్తుంది.

"ఇదేంటప్పా?"

"మీటరు చచ్చిపోయింది కదరా. అలంకారం కాదు, నిజంగానే చచ్చిపోయింది. బాగున్నోళ్ళు ఒక్క ఊపిర్లో ముప్పై దాటుతారు. ఇసక దిగితే ఇరవై. పది లోపు వొచ్చిందంటే నేను వాళ్ళోళ్ళని పిలుస్తాను."

పుస్తకం తిరగేశాను. ఎనిమిది నెలలు. పేరు, తేదీ, అంకె. దానయ్య: 24, 19, 13, 8. పోలమ్మ: 31, 22, 17. ఆ తేదీలన్నీ నాకు తెలుసు. అదే రోజుల్లో అదే మనుషుల దగ్గర నేను పెట్టె పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళందరూ పర్లేదన్నారు.

కూర్చుని పెట్టెలో ఉన్న గొంతులన్నీ వరసగా విన్నాను. మొదట అన్నీ ఒకేలా వినబడ్డాయి. తర్వాత అలా వినబడలేదు. జ్వరం రాకముందు దానయ్య తాత ‘పర్లేదు’ ఒక్క ముక్క. చివరి రోజు ‘పర్’ అని ఆగి, గాలి వెతుక్కుని, ‘లేదు’ అన్నాడు. ఆ మధ్యలో ఒకటిన్నర క్షణం. పోలమ్మ పిన్నికి ముప్పావు క్షణం. మాట అబద్ధం చెప్పింది. మాట మధ్యలో ఉన్న ఖాళీ చెప్పలేదు.

కాటా ఆ ఖాళీని కత్తిరించి పారేస్తుంది. శబ్దం లేనిచోట సమాచారం ఉండదని ఎవరో రాశారు. ఆ ఒక్కటి మాత్రం నేను కాదు.

పంపకం 41, 12వ రోజు

అప్ప పుస్తకం చదువుతోంది, నేను కొలుస్తున్నాను. ఆమె పేరూ అంకే చెబుతుంది, నేను ఆ రోజు గొంతు వెతికి ఖాళీని కొలిచి పక్కన రాస్తాను. మధ్యాహ్నానికి ఆమె రెండు పేర్ల తర్వాత ఆగాల్సి వస్తోంది. "నేను చదువుకుంటానప్పా, నువ్వు పడుకో" అంటే, "నా రాత నీకు అర్థం కాదురా. డాక్టర్లకే అర్థం కాలేదు," అంది.

రెండు వందల ఎనభై ఏడు జతలు. ఊపిరి అంకె తగ్గేకొద్దీ ఖాళీ పెరిగింది. గీత గీస్తే కాలేజీ పుస్తకంలో బొమ్మలా వచ్చింది. నా ఎం.ఏ. మొత్తంలో ఇంత శుభ్రమైన గీత నేను చూడలేదు. చూసి సంతోషించాను. వెంటనే చుక్కల పక్కన పేర్లు చదివాను. ఆ గీత చివరి చుక్కలన్నీ పోయినవాళ్ళవి.

తర్వాత సవరణ నియమాన్ని మొదటిసారిగా మొత్తం చదివాను. ‘మాటకును స్థితికిని పొంతన లేదని చూపు ముప్పది రుజువులు.’ మూడుసార్లు చదివాను. రుజువులు అని ఉంది. మరణాలు అని ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ అందరూ శవాలనే రుజువులుగా లెక్కపెడుతూ వచ్చారు, ఎందుకంటే పేదవాళ్ళ దగ్గర సులువుగా దొరికే రుజువు అదొక్కటే. నేనూ అలాగే అనుకున్నాను. పదహారు మంది పోవాలని నా నోటితోనే అన్నాను.

ముప్పై అడిగారు. రెండు వందల ఎనభై ఏడు పంపాను.

పంపకం 41, 15వ రోజు

పంపకం ఫలితం. తెప్పలపేట: 0.

సవరణ అర్జీ స్థితి: ‘పరిశీలనలో ఉన్నది. ఓపికకు ధన్యవాదములు.’

ఓపిక. ఆ మాట రాసినవాడి గొంతు మీద చెవిపెట్టె పెట్టి ఐదు ప్రశ్నలూ అడగాలని ఉంది. నడవగలుగుతున్నారా సార్? సొంత పనులు చేసుకోగలుగుతున్నారా సార్? రోజూ చేసే పని సాగుతోందా సార్? సాగుతున్నట్టే ఉంది సార్!

తొమ్మిదో నియమం గుర్తుంది. గుర్తుండే రాస్తున్నాను.

వేదవల్లి మేడమ్ తెర మీదకు వచ్చింది. పరిశీలక సంఘం పదిహేను రోజులకోసారే కూర్చుంటుందట. ముందే కూర్చోబెట్టడానికి ఆవిడ తన ఉద్యోగాన్ని బల్ల మీద పెట్టిందట. "వచ్చే పంపకం తొమ్మిదో రోజుకు కూర్చుంటామన్నారు. అంతకన్నా ముందుకు జరపలేకపోయాను," అంది. ఆవిడ మీద అరుద్దామనుకున్నాను. ఆవిడ మాట మధ్యలో కూడా ఓ ఖాళీ ఉంది. అరవలేదు.

పంపకం 42, 3వ రోజు

అప్ప ఊపిరి అంకె: 9. తనే లెక్కపెట్టుకుని తనే పుస్తకంలో రాసుకుంది. వాళ్ళవాళ్ళను పిలవాల్సిన అంకె. ఎవర్ని పిలవాలని అడిగితే, "నువ్వున్నావు కదరా," అంది.

లేఖకుడిగా నా పని నేను చెయ్యాలి. పెట్టె తెచ్చాను. నొక్కేముందు బతిమాలాను.

"ఒక్కసారి బాలేదని చెప్పప్పా. ఒకే ఒక్కసారి. ఏ అలంకారమూ లేకుండా."

కిటికీ బయట గట్టు మీద పోలమ్మ పిన్ని కూర్చుని ఉంది. ఆమె పక్కన ఇంకా ఏడెనిమిది మంది. రోజూ అలాగే కూర్చుంటున్నారు. లోపలికి రారు, వెళ్ళిపోరు.

"నువ్వు పెట్టెకి చెప్పమంటన్నావురా," అంది అప్ప, ఆగి ఆగి. "అవతల పోలమ్మ వింటాది. నేనే బాలేదంటే... రేపు ఈ పేటలో మంచం దిగేదెవరు? ఆ మాట ఎవులికి వాళ్ళు చెప్పుకునేది కాదు గుంటడా. ఎదరోళ్ళ కోసం చెప్పేది."

పెట్టె నొక్కాను. ఐదు ప్రశ్నలు అడిగాను. ఐదుసార్లూ బయటికి వినబడేంత గట్టిగా ఒకే మాట అంది. మధ్యలో రెండు క్షణాల ఖాళీ. గట్టు మీద ఎవరో, "పర్లేదంట," అన్నారు. పోలమ్మ పిన్ని లేచి గంజి కాయడానికి వెళ్ళింది.

నాలుగు వందల పదకొండు మాటలకు విలువలు కట్టినవాణ్ణి. ఆ మాట ఎవరి కోసం అంటారన్న ప్రశ్నే నా పట్టికలో లేదు.

పంపకం 42, 4వ రోజు

వాస్తవం. మైలపల్లి నూకరత్నం, ముప్పై ఎనిమిదేళ్ళు, నర్సు. చివరి స్థితి 1.00. అసంబద్ధ మరణం నంబరు ఇరవై రెండు.

పంపకం 42, 9వ రోజు

సవరణ ఆమోదించారు. వేదవల్లి మేడమ్ ఉత్తర్వు పంపింది. ‘పర్లేదు: ఈ మాటకు స్థిర విలువ లేదు. పలికిన తీరు, మధ్య విరామము చూడవలెను. రుజువులు: నూకరత్నం పుస్తకము.’ ఉత్తర్వులో పుస్తకానికి పేరు పెట్టింది ఆవిడే. మా పేటకే కాదు, తెలుగు మాట్లాడే అన్ని పేటల పాత గొంతులనూ కాటా మళ్ళీ వింటుందట. మిగతా భాషల వాళ్ళు కూడా తమ తమ పర్లేదులు వెతుక్కుంటున్నారట.

అదే పాత లెక్క. ఒక్క మాట మార్చారంతే. ఒక్క మాటకు ఇన్ని నెలలు, ఇంతమంది!

పంపకం 42, 15వ రోజు

తెప్పలపేట: 290 మోతాదులు. పడవతో పాటు ఇద్దరు నర్సులు వచ్చారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వేశారు. పోలమ్మ పిన్ని సూది వేయించుకుని, నర్సమ్మ చెయ్యి వదలకుండా, "మా రత్నం అయితే నొప్పెట్టకుండా ఏసీది," అని ఫిర్యాదు చేసింది. ఆమె జీవితంలో మొదటి ఫిర్యాదు. నేను సాక్షిని.

మా పేటకు వచ్చిన 290 మోతాదులు ఇంకో ఊరికి వెళ్ళాల్సినవే. మొత్తం తొమ్మిది వేలు తొమ్మిది వేలుగానే ఉంది. ఏ ఊరికి తగ్గిందో నాకు చెప్పలేదు. అడిగాను. అడుగుతూనే ఉంటాను.

పంపకం 43, 1వ రోజు

కొత్త నియమం ప్రకారం లేఖకులు కూడా ప్రతి పంపకానికీ తమ స్థితి చెప్పుకోవాలి. ఆసుపత్రి తెప్ప మీద, అప్ప స్టూలు మీద కూర్చుని పెట్టె నొక్కాను. నాలుగు ప్రశ్నలు అయ్యాయి.

"దిగులుగా ఉన్నదా?"

"పర్లేదు," అన్నాను.

పెట్టె నమోదైనదని అనలేదు. కాసేపాగి, "మీ మాట మధ్య విరామము ఉన్నది. నమోదు చేయజాలను. మరల చెప్పండి," అంది.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఒప్పుకోలేదు. మూడోసారి అడిగినప్పుడు నిజం చెప్పాను.

"కోపంగా ఉంది."

"కోపము అను మాట పదకోశంలో లేదు."

అవును, లేదు. నాలుగు వందల పదకొండు మాటల్లో అది రాయడం మర్చిపోయాను. రోగులకు కోపం వస్తుందని అప్పుడు తోచలేదు.

సవరణలు రాసే అధికారం ఇప్పుడు నాకు ఇచ్చారు. పదకోశం తెరిచి, చివరన నాలుగు వందల పన్నెండో వరస కలిపి, ‘కోపం’ అని రాశాను. విలువ రాయాల్సిన చోట కర్సరు మినుకుమంటోంది. బయట పోలమ్మ పిన్ని అన్నానికి పిలుస్తోంది. చేపల పులుసట.

ఈసారి తొందర లేదు. తోకలు మిగిలినా తింటాను.